గోదారి లోయ కింద పాత పగులు

పిల్లలూ, ముందుగా ఒక పని చేయండి. తెలంగాణ మ్యాపు తీసుకొని బెల్లంపల్లి, మంచిర్యాల, గోదావరిఖని, భూపాలపల్లి, మణుగూరు, ఇల్లందు, కొత్తగూడెం, సత్తుపల్లి ఊళ్ల మీద పెన్సిలుతో చుక్కలు పెట్టండి. ఇవన్నీ బొగ్గు ఊళ్లే. చుక్కలన్నీ పెట్టాక చూస్తే అవి ఎక్కడబడితే అక్కడ ఉండవు. వాయవ్యం మూల నుంచి ఆగ్నేయం మూలకు, గోదావరి పారే దిక్కునే, ఒక పట్టీగా సాగుతాయి. ఆ పట్టీ దాటి కరీంనగర్ వైపు పోయి ఎంత లోతు తవ్వినా గ్రానైటు తగులుతుంది తప్ప బొగ్గు తగలదు. దేవుడు బొగ్గంతా ఇక్కడే ఎందుకు పోశాడని మా కాలనీలో పెద్దవాళ్లు కూడా అడుగుతుంటారు.

దానికి జవాబు పగులు. లోయకు రెండు పక్కలా నిలువునా దిగిన పెద్ద పగుళ్లు, వాటి మధ్య లెక్కలేనన్ని చిన్నవి. పుస్తకాల్లో భ్రంశం అని రాస్తారు. మా బొగ్గు బాయిల్లో, అంటే గనుల్లో, అందరూ ఫాల్టు అనే అంటారు. 2024 డిసెంబరు 4న పొద్దున 7 గంటల 27 నిమిషాలకు ములుగు అడవుల అడుగున కదిలి, హైదరాబాదు దాకా ఇళ్లలో మంచాలను, గిన్నెలను ఊపింది ఇలాంటి పగులే. ఆ పూట నుంచి మా వీధి పిల్లలు నన్ను వదల్లేదు. "తాతా, నువ్వు బాయిల దిగినోనివి గదా, భూమి లోపల ఏమైతదో చెప్పు" అని పట్టుకున్నారు. సింగరేణిలో సర్వేయరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి నేను. ఉద్యోగమంతా ఫాల్టులను కొలవడం, ప్లాను మీద గీయడంతోనే గడిచింది. వాళ్లకు చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

భూమి లోపల ఫాల్టు ఎట్లా ఉంటుందో ముందు చూద్దాం. బాయిలో గ్యాలరీ అంటే బొగ్గులోనే తొలిచిన దారి. అటూ ఇటూ బొగ్గు గోడలు, మీద కప్పు. షిఫ్టు తర్వాత షిఫ్టు బొగ్గు తీసుకుంటూ ముందుకు పోతుంటారు. ఒక రోజు ఓవర్‌మన్ కబురు పెడతాడు: "సర్వే సాబ్, ఫేసుల నీళ్లు కారుతున్నయి, బొగ్గు పొడిపొడి అయితంది." ఆ మాటతోనే విషయం తెలిసిపోతుంది. పోయి చూస్తే, గట్టిగా ఉండాల్సిన బొగ్గు గోటితో గీరినా రాలిపోతుంటుంది. కప్పు కింద ఎక్కువ దిమ్మెలు నిలబెట్టి జాగ్రత్తగా ఇంకొంత దూరం పోతారు. అక్కడ బొగ్గు ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఎదురుగా బూడిదరంగు ఇసుకరాయి గోడ. క్యాప్‌ల్యాంపు వెలుతురు పడితే ఆ గోడ మెరుస్తుంది. దాని మీద అరచెయ్యి పెడితే నున్నగా, చల్లగా, తడితడిగా ఉంటుంది. వేళ్లు మెల్లగా జరిపితే సన్నటి గీతలు తగులుతాయి. అన్నీ ఒకే దిక్కుకు ఉంటాయి. రెండు పక్కల బండలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జారినప్పుడు పడ్డ గీతలవి. అవి పై నుంచి కిందికి ఉంటే బండ కిందికి జారిందని, అడ్డంగా ఉంటే పక్కకు జరిగిందని అర్థం. మనిషి పుట్టకముందు జరిగిన కదలికను వేలికొసతో తెలుసుకోవచ్చు. నా ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని అదే.

అప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒకటే. సీమ్ ఎటు పోయింది? బొగ్గు పొర మాయం కాలేదు, విరిగి పైకో కిందికో జరిగింది. మా పాత సర్దార్లకు చదువు లేకపోయినా దీనికి గుర్తు తెలుసు. ఆ వాలు రాతి గోడ మొదట కప్పు దగ్గర కనపడి, కిందికి పోయేకొద్దీ మనకు దూరంగా వాలుతుంటే, అవతలి బొగ్గు కిందికి పడ్డట్టు. మొదట నేల దగ్గర కనపడి, పైకి పోయేకొద్దీ మనకు దూరంగా వాలుతుంటే, అవతలి బొగ్గు పైన ఉన్నట్టు. మా లోయలో చాలామటుకు ఈ లెక్క తప్పదు. ఎందుకంటే ఇక్కడి నేల ఒకప్పుడు రెండు పక్కలకు లాగబడి పగిలింది. లాగినప్పుడు వాలు మీద ఆనుకున్న బండ కిందికే జారుతుంది. ఎంత జారిందన్న కొలతను త్రో అంటారు. కొన్ని ఫాల్టుల త్రో జానెడు, కొన్నిటిది తాటిచెట్టెత్తు. లోయ అంచున ఉన్న పెద్ద ఫాల్టుల ముందు ఇవన్నీ చిన్నవి.

ఈ లోయలో బొగ్గు ఉందని ఎట్లా బయటపడిందో మా ఇల్లందు వైపు ఒక కథ చెప్పుకుంటారు. భద్రాచలం రాముడి దర్శనానికి పోయే యాత్రికులు దారిలో నల్లరాళ్లు పెట్టి పొయ్యి రాజేస్తే, కట్టెలతో పాటు పొయ్యిరాళ్లూ అంటుకున్నాయట. ఇక కాగితాల మీది చరిత్రకు వస్తే, భారత భూవిజ్ఞాన సర్వే సంస్థలో పనిచేసిన విలియం కింగ్ 1871లో ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. ఆయన అంతటితో ఆగలేదు. ప్రాణహిత కలిసే చోటి నుంచి కింది దాకా లోయ అంతా తిరిగి ఏ రాయి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో రాసుకున్నాడు. ఆ వివరాలన్నీ 1881లో పుస్తకంగా వచ్చాయి. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకాల హక్కులు తీసుకుంది. 1889లో ఇల్లందులో బొగ్గు తీయడం మొదలైంది. పక్కనున్న ఊరి పేరు మీద 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. నూట ముప్పై ఏళ్లకు పైగా మా తాతలు, తండ్రులు తట్ట, చెమ్మాసు పట్టుకొని దిగింది, నేను కొలతలు తీసుకోవడానికి దిగింది కింగ్ నడిచిన ఈ పట్టీలోకే. ఇప్పటి లెక్కల్లో ఈ బొగ్గు పట్టీ పొడవు 350 కిలోమీటర్లు.

ఇక పగులు పుట్టిన రోజులకు పోదాం. అవి చాలా పాత రోజులు. నూరు కోట్ల ఏళ్లకు ముందే ఇక్కడి నేల సాగి పగిలింది. ఆ కాలపు రాళ్లు పాకాల చెరువు చుట్టుపక్కల గుట్టల్లో ఇప్పటికీ ఉన్నాయి. వాటికి పాకాల రాళ్లనే పేరు. తర్వాత చాలా కాలానికి, ఇప్పటికి సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట, అదే పగులు మళ్లీ తెరుచుకుంది. అప్పుడు మన దేశం ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో అతుక్కొని ఒకే మహాఖండంగా ఉండేది. దానికి గోండ్వానా అని పేరు పెట్టారు, మన గోండుల నేల పేరు మీదుగానే. పిల్లలకు ఇది చెప్పినప్పుడు ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చిన గోండు పిల్లవాడి ముఖం వెలిగిపోయింది. ప్రపంచంలో భూమి చరిత్ర చదివే ప్రతి విద్యార్థీ మీ జాతి పేరు పలకాల్సిందేరా అని వాడికి చెప్పాను.

ఆ కాలంలో ఇక్కడ మంచు ఉండేది. మే నెలలో రామగుండం ఎండ చూసినవాళ్లకు నమ్మకం కలగకపోవచ్చు. కానీ ఇదే లోయ పైకి సాగిన చంద్రపూర్ ప్రాంతంలో, ఇరై ఊరి దగ్గర పాత సున్నపురాయి మీద మంచుగడ్డలు ఈడ్చుకుపోయిన గీతలను భూవిజ్ఞానులు చూశారు. మంచు కరిగాక నదులు వచ్చాయి, చిత్తడి అడవులు వచ్చాయి. గ్లోసోప్టెరిస్ అనే చెట్టు పొడుగాటి ఆకుల అచ్చులు ఆ కాలపు రాళ్లలో నేటికీ దొరుకుతాయి. చెట్లు పడి, వాటి మీద ఇసుక పడి, ఆ ఇసుక మీద మళ్లీ అడవి మొలిచి, అదీ పడి... ఇట్లా కోట్ల ఏళ్లు నడిచింది. మామూలుగా అయితే ఇదంతా వానలకు కొట్టుకుపోవాలి. ఇక్కడ పోలేదు. రెండు పక్కల ఫాల్టుల మధ్య నేల మెల్లమెల్లగా కుంగుతూ వచ్చింది. కుంగిన కొద్దీ ఇసుక, అడవి, బురద వచ్చి అందులో పేరుకున్నాయి. మందం మూడు కిలోమీటర్లు దాటింది. అడుగున పడ్డ అడవి బరువుకు, వేడికి నలిగి బొగ్గయింది. ఫాల్టులు లేకపోతే గుంత లేదు, గుంత లేకపోతే బొగ్గు లేదు, బొగ్గు లేకపోతే మా కొత్తగూడెం లేదు.

ఈ గుంతలోనే ఆ తర్వాతి కాలపు రాక్షసబల్లుల ఎముకలూ దొరికాయి. మంచిర్యాల వైపు యామన్‌పల్లి దగ్గర బయటపడిన కోటాసారస్ అస్థిపంజరాన్ని హైదరాబాదులో బిర్లా సైన్సు మ్యూజియంలో నిలబెట్టారు. నగరానికి పోయినప్పుడు తప్పకుండా చూడండి. అది మన లోయ జంతువు. మణుగూరు దగ్గర పగిడేరులోనైతే బొగ్గు కోసం వేసిన బోరులోంచి వేడినీళ్లు ఉబికి వచ్చాయి. లోతుకు ఇంకిన నీరు అక్కడి వేడికి కాగి, పగుళ్ల దారి పట్టుకొని మళ్లీ పైకి వస్తోంది. ఆ వేడితో కరెంటు తీసే ప్రయత్నం కూడా సింగరేణి చేసింది.

ఇక భూకంపం సంగతి. ఫాల్టులంటే ఏమిటో గని కార్మికులకు ప్రపంచమంతటా ఎప్పటి నుంచో తెలుసు. భూమి ఊగడం గురించి ఇంకా ముందు నుంచే అందరికీ తెలుసు. ఈ రెండూ ఒకటేనని తెలియడానికి మాత్రం చాలా కాలం పట్టింది. 1819 జూన్ 16న కచ్‌లో పెద్ద భూకంపం వచ్చింది. అక్కడి రణ్‌లో బల్లపరుపుగా ఉండే నేల ఎనభై కిలోమీటర్లకు పైగా పొడవున గట్టు కట్టినట్టు లేచింది. మనుషులు కట్టింది కాదు గనుక జనం దాన్ని అల్లా బండ్ అన్నారు. గట్టుకు ఇవతల నేల కుంగి సిందరీ కోట నీళ్లలో మునిగింది. భూకంపంతో పాటు నేల తెగి పైకీ కిందికీ జరుగుతుందని లోకానికి సరిగ్గా తెలియజెప్పిన మొదటి సంఘటనల్లో ఇది ఒకటి. బ్రిటన్ భూవిజ్ఞాని చార్లెస్ లయెల్ తన పుస్తకంలో దీన్ని వివరంగా రాశాడు. అయినా చాలామంది ముందు భూకంపం వచ్చిందని, దాని దెబ్బకు నేల పగిలిందని అనుకున్నారు. 1891లో జపాన్‌లో నోబి భూకంపం వచ్చి పొలాల మీదుగా నేల తెగిపోయినప్పుడు, కోతో అనే భూవిజ్ఞాని ఆ మాటను తిరగేశాడు. ఫాల్టు జారడం వల్లే భూకంపం వచ్చిందని చెప్పాడు. 1906లో శాన్ ఫ్రాన్సిస్కో భూకంపంలో తిన్నగా ఉన్న కంచెలు ఫాల్టు దగ్గర తెగి కొన్ని మీటర్లు పక్కకు జరిగాయి. వాటిని కొలిచి, అదెట్లా జరుగుతుందో హ్యారీ రీడ్ తేల్చాడు.

రీడ్ చెప్పిన సంగతి పిల్లలకు ఒక వెదురు బద్దతో చూపిస్తాను. రెండు కొసలు పట్టుకొని మెల్లగా వంచమంటాను. వంగుతుంది, ఇంకా వంగుతుంది, చప్పుడు ఉండదు. వంచే కొద్దీ బద్దలో బలం నిండుతుంది. ఒక దగ్గర ఫట్‌మని విరుగుతుంది, చేతులు జివ్వుమంటాయి. భూమిలో రాయి కూడా ఇట్లాగే వంగుతుంది, కాకపోతే వందల వేల ఏళ్లు పడుతుంది. మన దేశం మోసే రాతిపలక ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూ హిమాలయాల దగ్గర ఆసియాను నెడుతోంది. ఆ ఒత్తిడి అక్కడితో ఆగదు, దేశం లోపలి దాకా వస్తుంది. పాత పగులు ఉన్న చోట రాయి బలహీనం కదా, ముందు అదే లొంగుతుంది. ఫాల్టుకు రెండు పక్కల బండలు రాపిడితో పట్టుకొని ఉన్నంత కాలం ఏమీ తెలియదు. పట్టు తప్పిన క్షణం జారుతాయి. ఆ జారుడు నుంచి పుట్టిన తరంగాలు అన్ని దిక్కులకూ పోతాయి. అవి మన ఇంటి కిందికి చేరినప్పుడు మనం భూకంపం అంటాం.

తరంగాలు రెండు రకాలుగా వస్తాయి. ముందు వచ్చేది రాతిలో సెకనుకు దాదాపు 6 కిలోమీటర్లు పరుగెడుతుంది. అది కిటికీలను గలగలమనిపిస్తుంది. వెనక వచ్చేది నిదానం, సెకనుకు మూడున్నర కిలోమీటర్లు, కానీ ఊపేది అదే. ములుగు అడవి నుంచి హైదరాబాదు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. లెక్క కట్టండి. మొదటి తరంగానికి అర నిమిషం పైన, రెండోదానికి నిమిషం దరిదాపు పట్టాలి. నేను ఈ లెక్క బోర్డు మీద వేయించినప్పుడు ఐదో తరగతి పాప అందరికన్నా ముందు చేసి చూపించింది.

మా లోయ ఊగడం ఇది మొదటిసారి కాదు. 1969 ఏప్రిల్ 13 రాత్రి భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చింది. నేనప్పుడు చిన్నపిల్లవాణ్ణి. తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న ఏడాది అది. కార్మికుల లైన్లలో ఇళ్ల ముందు నులక మంచాలు వేసుకొని పడుకునే కాలం. పెంకులు గలగలమన్నాయి, కుక్కలు ఒక్కటై మొరిగాయి. మా అవ్వ నన్ను ఒళ్లోకి లాక్కొని, ఆదిశేషుడు భూమిని ఒక పడగ మీది నుంచి ఇంకో పడగ మీదికి మార్చుకున్నాడని చెప్పింది. ఆ మాట నా భయం తీర్చింది, అందుకు అవ్వకు రుణపడి ఉంటాను. కానీ మీకు అంతకన్నా ఎక్కువ తెలియాలి. ఎందుకంటే మీరు రేపు ఇళ్లు కట్టేవాళ్లు.

2024లో వచ్చినదాని తీవ్రత 5.3. మేడారంలో సమ్మక్క సారలమ్మ గద్దెల దగ్గరి సీసీ కెమెరాలో ఆ కదలిక రికార్డయింది. దాన్ని ఫోన్లలో చూడని ఇల్లు లేదు. అంతకు మూడు నెలల ముందే అదే తాడ్వాయి మేడారం అడవుల్లో పెనుగాలికి వేలాది చెట్లు కూలాయి. రెండూ కలిపి, అమ్మవారికి కోపం వచ్చిందని కొందరు భయపెట్టారు. పిల్లల్ని అట్లా భయపెట్టడం తప్పు. గాలి ఆకాశంలో పుట్టింది, ఊపు 40 కిలోమీటర్ల లోతున పుట్టింది. ఒకదానికి ఇంకోదానితో చుట్టరికం లేదు. ఇంకో ప్రశ్న కూడా వచ్చింది: "తాతా, మనోళ్లు బాంబులు పేలుస్తరు గదా, అందుకే ఊగిందా?" ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ చేస్తే దగ్గరి ఊళ్లలో గోడలు అదరడం నిజమే, గోడలు నెర్రెలిచ్చిన ఇళ్లు నేనూ చూశాను. అది వేరే బాధ, దాన్ని గట్టిగా అడగాల్సిందే. కానీ మా బాయిల లోతు మహా అయితే అర కిలోమీటరు. ఆ పొద్దున కదిలింది దానికి ఎన్నో రెట్లు అడుగున. ఆ లోతుకు ఏ బ్లాస్టింగూ చేరదు.

ములుగులో కదలిక లోతున పుట్టింది, మీద ఉన్నది అడవి. అందుకే ప్రాణాలు పోలేదు. కిల్లారి అట్లా కాదు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, నాలుగు గంటలకు నాలుగు నిమిషాల ముందు, మన పొరుగున లాతూరు జిల్లాలో నేల కదిలింది. అంతకుముందు రాత్రే వినాయకుణ్ణి నిమజ్జనం చేసి జనం అలసి నిద్రపోతున్నారు. తీవ్రత 6.2. తీవ్రతలో ఒక అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. కదలిక పది కిలోమీటర్ల లోపు లోతునే పుట్టింది. దాదాపు పది వేల మంది చనిపోయారు. ఆ ఊపు హైదరాబాదులో కూడా తెలిసింది. కిల్లారి దగ్గర మన లోయలాగా పేరుమోసిన ఫాల్టు ఏదీ అప్పటికి గుర్తించలేదు. అది నల్లరేగడి కింద, నల్లరాతి పొరల అడుగున కనపడకుండా ఉంది. పగులు ఉన్నట్టు తెలిసిన మనకు ఆ పాటి ముందుచూపు దొరికింది, వాళ్లకు అదీ లేదు.

అక్కడ మనుషుల్ని చంపింది భూమి కాదు, గోడలు. మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు, వాటి మీద కర్ర దూలాలు, ఆ పైన మట్టి కప్పు. అడుగు నుంచి ఊగేసరికి గోడలు రెండు పొరలుగా విడిపోయి కూలాయి, బరువైన కప్పు మీద పడింది. 2002 నాటి భూకంప మ్యాపులో తెలంగాణ చాలా మేరకు రెండో జోన్‌లో ఉంటే, గోదావరి లోయ మూడో జోన్‌లో ఉంది. మా కొత్తగూడెం, మణుగూరు, భద్రాచలం వైపు ఇళ్లకు కొంచెం ఎక్కువ జాగ్రత్త కావాలని దాని అర్థం.

పిల్లలూ, ఊగినప్పుడు పరుగెత్తకండి. గట్టి బల్ల కిందికి దూరి దాని కాలు పట్టుకోండి, తల కాపాడుకోండి. కిటికీలకు, బీరువాలకు దూరంగా ఉండండి. ఊగడం ఆగాక బయటికి వచ్చి గోడలకు, కరెంటు తీగలకు ఎడంగా నిలబడండి. ఆరుబయట ఉంటే అక్కడే ఉండండి.

ఇక ఈ లోయలో ఇల్లు కట్టుకుంటున్న పెద్దలకు ఒక మనవి. మన దగ్గర చాలామంది మేస్త్రీలు లింటల్‌ను తలుపు మీద, కిటికీ మీద ముక్కలుగా పోసి వదిలేస్తున్నారు. అట్లా వదలనివ్వకండి. పునాది మీద ఒకటి, తలుపుల ఎత్తున ఒకటి, కప్పు కింద ఒకటి, ఇంటి చుట్టూ ఎక్కడా తెగకుండా, లోపలి గోడల మీదుగా కూడా బెల్టు పోయించండి. మూలల్లో ఇనుప చువ్వలు వంచి ఒకదానితో ఒకటి కట్టించండి. కాంక్రీటు పోసే ముందు మీరే దగ్గర నిలబడి చూసుకోండి.